ముక్తాపరీక్ష: అంతరంలో భేదం, ఆవరణంలో భేదం

వేదాంతశాస్త్రాన్ని గురుముఖంగా అభ్యసించిన ప్రతి జిజ్ఞాసువుకూ శుక్తిరజత దృష్టాంతం సుపరిచితం. సముద్రతీరపు ఇసుకలో పడి ఉన్న ఆల్చిప్ప లోపలి మెరుపును చూసి బాటసారి దానిని వెండిగా భావిస్తాడు. చేరువకు వెళ్లి పరిశీలించగానే వెండి బాధితమై శుక్తి మాత్రమే మిగులుతుంది. శంకరభగవత్పాదులు అధ్యాసభాష్యంలో ఈ దృష్టాంతాన్ని లోకానుభవంగా గ్రహించారు. నైయాయికుల అన్యథాఖ్యాతి, ప్రాభాకరుల అఖ్యాతి, అద్వైతుల అనిర్వచనీయఖ్యాతి, విశిష్టాద్వైతుల యథార్థఖ్యాతి ఈ చిన్న చిప్ప చుట్టూనే వాదోపవాదాలను విస్తరింపజేశాయి. ఆ చర్చలలో అంతగా ప్రస్తావనకు రాని విషయం ఒకటి ఉన్నది. బాటసారిని భ్రమింపజేసిన మెరుపు ఏ ద్రవ్యానిదో, రాజకోశంలో రత్నంగా ఆదరం పొందిన ముక్తాఫలం కూడా ఆ ద్రవ్యమే. ఒకే ప్రాణి స్రవించిన ఒకే పదార్థం చిప్పకు అంటుకొని ఉంటే భ్రమకు ఆస్పదమైంది, విడివడి గుండ్రంగా ఘనీభవిస్తే రత్నమైంది.

తత్త్వవేత్తలు శుక్తిని గూర్చి అడిగిన ప్రశ్ననే రత్నపరీక్షకులు ముత్యాన్ని గూర్చి రెండువేల ఏండ్లుగా అడుగుతున్నారు. కనబడుతున్నది వస్తువేనా, వస్తువు వలె కనబడుతున్నదా? అయితే వీరి సమాధానంపై వర్తకుల సర్వస్వం, సముద్రంలో మునిగి ముత్యాలు తెచ్చేవారి జీవనం ఆధారపడి ఉండేవి. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ సమాధానం ఒక్కసారిగా తడబడింది.

నేటి విపణిలో ముత్యమనే పేరుతో మూడు వస్తువులు చెలామణి అవుతున్నాయి. మనుష్య ప్రమేయం లేకుండా శుక్తిలో పుట్టిన సహజ మౌక్తికం మొదటిది. మనుష్యుడు శస్త్రంతో శుక్తిలో బీజముంచగా, ఆ శుక్తియే పెంచిన సంవర్ధిత మౌక్తికం రెండవది. దీనినే అంగళ్లలో కల్చర్డ్ ముత్యమంటారు. గాజు, ప్లాస్టిక్, చిప్పముక్క మొదలైనవాటికి మెరుగుపూత పూసిన అనుకరణ ముత్యం మూడవది. జనవ్యవహారంలో మాత్రం ‘అసలు’, ‘నకిలీ’ అనే రెండు గదులే ఉన్నాయి. మధ్యనున్న కల్చర్డ్ ముత్యాన్ని కొందరు మొదటి గదిలోకి, కొందరు రెండవ గదిలోకి నెట్టివేస్తారు. మొదటివారు మోసపోతారు, రెండవవారు అన్యాయం చేస్తారు.

ప్రాచీనులు ముత్యాన్ని పరీక్షించిన తీరును ముందుగా చూడాలి. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో కోశంలో చేర్చదగిన రత్నాల పరీక్ష ఒక ప్రత్యేక ప్రకరణం. ఆ ప్రకరణం ముత్యాలతోనే ఆరంభమవుతుంది. తామ్రపర్ణిక, పాండ్యకవాటక, పాశిక్య, కౌలేయ ఇత్యాదిగా జన్మస్థానాన్ని బట్టి ముత్యాలకు పేర్లు. స్థూలమై, వృత్తాకారమై, నేలపై నిలకడగా ఉండక దొర్లిపోయేదై, కాంతిమంతమై, శ్వేతమై, బరువై, స్నిగ్ధమై, తగిన చోట వేధ కలది ప్రశస్తం. మసూరపప్పు వలె చప్పిడిగా ఉన్నది, అర్ధచంద్రాకారమైనది, జంటగా అతుక్కున్నది, గరుకైనది, చెడుగా తొలిచినది అప్రశస్తం. వేయిన్ని ఎనిమిది సరాల ఇంద్రచ్ఛందం, అందులో సగమైన విజయచ్ఛందం వంటి హారాల లెక్కలు కూడా అక్కడే కనిపిస్తాయి. కోశాధ్యక్షుని దృష్టి అంతా గుణదోష విచారణపైనే నిలిచింది. ఆ జాబితాలో ముత్యం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకే ప్రాధాన్యం.

ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో ముక్తాలక్షణానికి ఒక అధ్యాయం కేటాయించాడు. ఏనుగు, సర్పం, శుక్తి, శంఖం, మేఘం, వెదురు, తిమి అనే మహామత్స్యం, వరాహం అనే ఎనిమిదింటి నుండి ముత్యాలు పుడతాయని, వానిలో శుక్తిజమే బహుళమని చెప్పాడు. స్వాతీ నక్షత్రంలో కురిసిన చినుకు చిప్పలో పడి ముత్యమవుతుందన్న కవిసమయం కూడా ఈ సంప్రదాయపు ఆకాశం నుండి దిగివచ్చినదే. గజముక్తాఫలాన్ని, వేణుముక్తాఫలాన్ని అంగట్లో వెదకడం వ్యర్థం. ఆ పేర్లతో నేడు ఎవరైనా ఏదైనా అమ్మజూపితే కొనేవాడు తన ధనాన్ని కాపాడుకొనుట ఉచితం.

గరుడపురాణంలోని రత్నపరీక్షాధ్యాయాలు ఒక అడుగు ముందుకు వేశాయి. బౌద్ధుడైన బుద్ధభట్టుని రత్నపరీక్షకు ఈ భాగం మిక్కిలి సన్నిహితం. అటువంటి గ్రంథాలను ఫ్రెంచి పండితుడు లూయీ ఫినో 1896లో ఒకచోట చేర్చి ప్రకటించాడు. సింహళదేశంలో నేర్పరులు ముత్యాలపై చేసే ప్రక్రియలను ప్రస్తావించిన వెంటనే పురాణం కృత్రిమశంకను లేవనెత్తి, పరిహారంగా ఒక పరీక్షను విధిస్తుంది. సందేహాస్పదమైన ముత్యాన్ని ఉప్పు, స్నేహద్రవ్యం కలిపిన వేడినీటిలో ఒక రాత్రి ఉంచాలి. లేదా పొడివస్త్రంలో చుట్టి వ్రీహిధాన్యంతో మర్దించాలి. వన్నె తరగకుండా నిలిచినది అకృత్రిమమని గ్రహించాలి.

ఈ విధి ఎంత యుక్తియుక్తమో గమనింపదగినది. నూనె, ఉప్పు, వేడిమి పైపూతను కరిగించే లేక వదులు చేసే సాధనాలు. ఊక గల ధాన్యపు గరుకుదనం పైపూతను రాల్చే సాధనం. అంటే పరీక్షకుని అనుమానం అంతా ఉపరితలం మీదనే. పై మెరుపు వస్తువుకు స్వాభావికమా, ఆగంతుకమా అన్నదొక్కటే అతడు అడిగిన ప్రశ్న. స్వాభావికమైతే రాపిడికి పోదు, ఆగంతుకమైతే పోతుంది. ముత్యపు గర్భంలో ఏమున్నదన్న ప్రశ్న ఆ కాలంలో ఉదయించలేదు. పైన శుక్తిద్రవ్యం ఉంటే లోపల మరొకటి ఉండగలదన్న ఊహకు ఆనాడు అవకాశమే లేదు.

ఆ అవకాశం ఎలా వచ్చిందో తెలియడానికి శుక్తి చేసే పనిని తెలుసుకోవాలి. చిప్ప లోపలి గోడను అంటిపెట్టుకొని ప్రావారమనే మెత్తని పొర ఉంటుంది. చిప్పను నిర్మించేది ఆ పొరలోని కణజాలమే. ఏ పరాన్నజీవి వల్లనో గాయం వల్లనో ఆ కణాలు కొన్ని స్థానభ్రంశం చెంది దేహంలోపలికి చేరితే, అక్కడ అవి చిన్న సంచిగా ఏర్పడి తమ సహజవృత్తినే కొనసాగిస్తాయి. గోడకు పూయవలసిన పదార్థాన్ని ఆ సంచిలో పొర మీద పొరగా స్రవిస్తాయి. ఇసుకరేణువు చుట్టూ ముత్యం పుడుతుందన్న మాట లోకంలో స్థిరపడినా, వాస్తవంలో అది అరుదు. ఒక్కొక్క పొరలో ఆరగొనైట్ అనే సున్నపు స్ఫటికఫలకలు మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు మందంతో ఇటుకల వలె పేర్చబడి ఉంటాయి. వాటి మధ్య కాంకియోలిన్ అనే జంతుసంబంధమైన బంధకద్రవ్యం ఉంటుంది. వెలుగు ఆ పలుచని పొరలలో ప్రతిఫలించి, పరస్పరం కలిసి, లోతు నుండి వచ్చినట్లు కనిపించే కాంతిని ఇస్తుంది. పాశ్చాత్యులు నేకర్ అని పిలిచే ఈ ముత్యపు పొరయే శుక్తిరజత భ్రమలోని శుక్తి మెరుపు.

ఈ రహస్యాన్ని పూర్తిగా తెలియకుండానే వినియోగించుకున్నవారు చీనాదేశీయులు. పదమూడవ శతాబ్దం నాటికే హుజౌ ప్రాంతంలో మంచినీటి చిప్పల లోపలి గోడకూ ప్రావారానికీ మధ్య చిన్న బుద్ధప్రతిమలను జొప్పించి, కొంతకాలానికి ముత్యపు పొర కప్పుకున్న ప్రతిమలను తీసేవారు. అవి గోడకు అంటుకున్న అర్ధముత్యాలే గాని గుండ్రని ముత్యాలు కావు. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1761లో నదీశుక్తులలో గుండ్రని ముత్యాలు పెంచగలిగాడు. రహస్యాన్ని ఒక వర్తకునికి అమ్మాడు. కొన్నవాడు దానిని వినియోగించుకోలేదు.

జపానులోని తోబా పట్టణంలో నూడుల్స్ అమ్మే కుటుంబంలో 1858లో జన్మించిన మికిమోతో కోకిచి సముద్రశుక్తులపై ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. మధ్యలో ఎర్రటి సూక్ష్మజీవుల ఉప్పెన అతని చిప్పలను పెద్ద సంఖ్యలో సంహరించింది. 1893 జులై 11న మిగిలిన చిప్పలలో ఒకదాని నుండి అర్ధవృత్తాకారపు ముత్యం లభించింది. పూర్ణవృత్తాకారపు ముత్యానికి కీలకమైన విధానాన్ని 1907 ప్రాంతంలో ఇద్దరు వేర్వేరుగా కనుగొన్నారు. ఒకరు వడ్రంగి అయిన మిసె తత్సుహెయ్, మరొకరు మికిమోతోకు అల్లుడైన జీవశాస్త్రజ్ఞుడు నిషికావా తోకిచి. విధానం సరళమైనది. ఒక శుక్తి నుండి ప్రావారపు చిన్న ముక్క కోసి, చిప్పతో చేసిన గుండ్రని పూసతో పాటు మరొక శుక్తి దేహంలో ఉంచాలి. ఆ ముక్క పూస చుట్టూ సంచిగా పెరిగి, తన సహజవృత్తిని అనుసరించి ముత్యపు పొరను కప్పుతుంది. ఆ పూసలను అమెరికాలోని మిసిసిపీ నదీపరివాహంలో దొరికే దళసరి చిప్పల నుండి చెక్కేవారు. అంటే జపాను ముత్యపు గర్భంలో అమెరికా నదీశుక్తి ఖండం ఉన్నది. శుక్తి గర్భంలో శుక్తియే!

1921 ప్రాంతంలో ఈ గుండ్రని ముత్యాలు లండన్, ప్యారిస్ విపణులకు చేరాయి. అప్పటి ముత్యాల విలువను ఊహించుకోవడానికి ఒక ఉదాహరణ చాలు. 1917లో న్యూయార్క్‌లో కార్టియే సంస్థ పది లక్షల డాలర్లు వెలకట్టిన రెండు సరాల సహజముత్యాల హారానికి ప్రతిగా ఫిఫ్త్ అవెన్యూలో ఒక భవంతిని పొందింది. నలభై ఏండ్ల తరువాత, 1957లో, ఆ హారమే సుమారు లక్షన్నర డాలర్లకు అమ్ముడుపోయింది. ఈ రెండు అంకెల నడుమ ఉన్నది కల్చర్డ్ ముత్యం చరిత్ర, ఆర్థికమాంద్యం చరిత్ర కూడా.

వర్తకులు కలవరపడిన కారణం స్పష్టమే. ఈ కొత్త ముత్యాలు ప్రాచీనపరీక్షలన్నింటిలో నెగ్గాయి. నూనెలో నానబెట్టినా వన్నె పోదు, ధాన్యంతో మర్దించినా పొర రాలదు, పంటికి రాసినా గరుకుదనం కనిపిస్తుంది. ప్యారిస్ రత్నవర్తకులు వీటిని నకిలీగా ప్రకటింపజేయాలని ప్రయత్నించారు, వివాదం న్యాయస్థానం దాకా వెళ్లింది. బోర్డో విశ్వవిద్యాలయపు ప్రాణిశాస్త్రాచార్యుడు లూయీ బూతాన్ ఇవి స్వరూపతః ముత్యాలేనన్న పక్షాన నిలిచాడు. సముద్రగర్భంలో ఛాయాచిత్రాలు తీసిన తొలితరం శాస్త్రజ్ఞుడు ఆయనే. చివరకు అమ్మకం నిషేధింపబడలేదు. ‘కల్చర్డ్’ అనే విశేషణం మాత్రం తప్పనిసరి అయింది. నేటికీ అంతర్జాతీయ వర్తకనియమాలలో విశేషణరహితమైన ‘ముత్యం’ అనే పదం సహజమౌక్తికానికే చెల్లుతుంది.

మన కారణవాదం దృష్టితో చూస్తే ఈ వివాదంలోని చిక్కు విడిపోతుంది. ఘటానికి మృత్తిక ఉపాదానకారణం, కులాలుడు నిమిత్తకారణం. నిమిత్తం మారితే ఘటం ఘటం కాకుండా పోదు, ఉపాదానం మారితే మాత్రం మృద్ఘటం మృద్ఘటం కాదు. సహజముత్యానికి నిమిత్తం పరాన్నజీవి. సంవర్ధితముత్యానికి నిమిత్తం మనుష్యుని చేతిలోని శస్త్రం. రెండింటిలోనూ మెరుపుకు ఉపాదానం శుక్తి స్రవించిన ద్రవ్యమే, నిర్మాత శుక్తియే. కులాలునితో పోల్చదగినవాడు కూడా ఇక్కడ మనుష్యుడు కాడు, అతడు కేవలం గాయపరచినవాడు. కనుక ఇది అసత్యమైన ముత్యం కాదు. దీనిని సహజముత్యమని చెప్పి అమ్మడం అసత్యం. దోషం వస్తువులో లేదు, వాక్కులో ఉన్నది. ప్యారిస్ వర్తకులు వస్తువులో దోషం చూపబోయి ఓడిపోయారు. వాక్కులోని దోషాన్ని పట్టుకున్న నియమం మాత్రం నిలిచింది.

వాక్కును సరిచూడటానికి కొత్త ప్రమాణం కావలసి వచ్చింది. ముత్యాల పరీక్ష కోసమే లండన్ వర్తకమండలి 1925లో ఒక ప్రయోగశాలను నెలకొల్పింది. దానిని బేసిల్ ఆండర్సన్ దశాబ్దాల పాటు నడిపాడు. అదే దశకంలో ఫ్రాన్సులో ఎండోస్కోప్ అనే సాధనం రూపొందింది. ముత్యానికి తొలిచిన రంధ్రంలోకి బోలుసూదిని పంపి, దాని గుండా తీవ్రమైన కాంతిని ప్రసరింపజేస్తారు. సూదిలోని చిన్న అద్దం కాంతిని ముత్యపు పొరలలోకి మళ్లిస్తుంది. సహజముత్యంలో పొరలన్నీ ఉల్లిపాయ పొరల వలె కేంద్రం చుట్టూ వలయాలుగా ఉంటాయి గనుక కాంతి ఆ వలయంలో ప్రదక్షిణ చేసి తిరిగి సూదిలోని రెండవ అద్దానికి చేరుతుంది. కల్చర్డ్ ముత్యపు గర్భంలోని పూస చిప్ప నుండి చెక్కినది గనుక దాని పొరలు తిన్నగా ఉంటాయి. కాంతి ఆ దారిన బయటికి పోయి ముత్యంపై ఒక గీతగా కనిపిస్తుంది. రంధ్రం లేని ముత్యాలకు ఎక్స్-కిరణాలు అక్కరకు వచ్చాయి. సహజముత్యాన్ని ఏ దిశ నుండి చూచినా స్ఫటికాలు ఆరు చుక్కల ఆకృతినిస్తాయి. పూస ఉన్న ముత్యం కొన్ని దిశలలో నాలుగు చుక్కలనే ఇస్తుంది.

ఇక్కడ ఒక విశేషం ఉన్నది. సహజ, సంవర్ధిత మౌక్తికాల మధ్య భేదం తెలుసుకోవాలంటే అంతరంలోకి చూడాలి. ఆవరణం రెండింటికీ సమానం. మరి సంవర్ధిత, అనుకరణ ముత్యాల మధ్య భేదం ఎక్కడ ఉన్నది? అనుకరణ ముత్యాలలో ఒక జాతికి ‘షెల్ పెర్ల్’ అని పేరు. దాని గర్భంలోనూ చిప్పతో చేసిన పూసయే ఉంటుంది. కల్చర్డ్ ముత్యపు గర్భానికీ దీని గర్భానికీ ద్రవ్యభేదం లేదు. ఒకదానికి ప్రాణి తన కణాలతో పొర కప్పింది, మరొకదానికి మనుష్యుడు కర్మాగారంలో పూత పూశాడు. ఇక్కడ అంతరం సమానం, ఆవరణంలోనే భేదం. అంతరంలో సత్యం, బాహ్యంలో ఆభాస అని పంచకోశవివేకం వల్ల అలవడిన బుద్ధి ఈ చోట కొంత తడబడక తప్పదు. ముత్యం విషయంలో ముత్యత్వం ఆ పైపొరలోనే ఉన్నది. గర్భంలో ఉన్నది పూస గావచ్చు, సూక్ష్మజీవి గావచ్చు, ఏమీ లేకపోవచ్చు.

అయితే ఆ పొర ఎంత మందం ఉండాలి? జపాను అకోయా ముత్యాలలో పొర సాధారణంగా మిల్లీమీటరులో కొన్ని వంతులు మాత్రమే. ఆత్రంతో కొద్ది నెలలకే చిప్పను తెరిచిన పెంపకందారుకు లభించేది గుడ్డిమెరుపు గల పలుచని ముత్యం. దానిని వెలుగులో తిప్పితే లోపలి పూస గీతలు మెరిసి మాయమవుతాయి. శాస్త్రతః అది కల్చర్డ్ ముత్యమే, నకిలీ కాదు. అయినా కొంతకాలం ధరించగానే అరిగి పూస బయటపడే ముత్యాన్ని ఏమనాలో కొన్నవారికే తెలుస్తుంది. దక్షిణసముద్రపు పెద్ద శుక్తులలో పొర తరచు ఇంతకు అనేక రెట్లు ఉంటుంది. ధరలోని భేదానికి ఇదొక ముఖ్యకారణం.

అనుకరణ చరిత్ర కూడా తక్కువ ఆశ్చర్యకరం కాదు. పదిహేడవ శతాబ్దంలో ప్యారిస్‌లో జపమాలలు చేసే జాకాన్ అనే శిల్పి, ఏబ్లెట్ అనే చిన్న నదీమత్స్యాన్ని కడిగిన నీటిలో మిగిలిన వెండిమెరుపును చూసి, ఆ పొలుసుల సారాన్ని బోలుగాజుపూసల లోపలి గోడకు పూసి, లోపల మైనం నింపాడు. ఆ సారానికి ‘ప్రాచ్యసారం’ అనే అర్థం వచ్చే పేరు స్థిరపడింది. తరువాత స్పెయిన్‌లోని మయోర్కా ద్వీపం ఘనగాజుపూసలకు పైపూతలు పూసే పరిశ్రమకు ప్రసిద్ధి చెందింది. పొలుసుల సారంలో మెరిసేది గ్వానిన్ అనే పదార్థపు పలుచని స్ఫటికాలు. చేప దేహంపై అవి పేర్చబడి వెలుగును ప్రతిఫలింపజేసే తీరు, శుక్తిలోని ఆరగొనైట్ ఫలకల తీరుకు సగోత్రమే. పోలిక నిరాధారం కాదు. శుక్తిలో రజతాంశం కొంత ఉన్నందునే రజతప్రతీతి కలుగుతుందని యథార్థఖ్యాతివాదులు చెప్పినది జాకాన్ గాజుపూసకు చక్కగా అన్వయిస్తుంది. మరొకచోట చూసిన ముత్యం ఈ గాజుపై భాసిస్తున్నదని నైయాయికుడు అంటే దానినీ కాదనలేము. ఈ రెండు పక్షాలకూ సమానంగా ఉపకరించే వస్తువు అంగళ్లలో అరుదు.

కల్చర్డ్ ముత్యానికీ అనుకరణకూ భేదం తెలియడానికి ప్రయోగశాల అవసరం సాధారణంగా ఉండదు. ముత్యాన్ని ముందుపంటి అంచుకు మెల్లగా రాస్తే సహజమైనా కల్చర్డైనా సన్నని ఇసుక తగిలినట్లు గరుకుగా ఉంటుంది. స్ఫటికఫలకల మెట్లు తగలడమే ఆ గరుకుదనానికి హేతువు. గాజు, ప్లాస్టిక్ నున్నగా జారిపోతాయి. కొన్ని నేటి పూతలను గరుకుగానూ చేస్తున్నారు గనుక ఈ ఒక్క పరీక్షతోనే నిర్ణయించరాదు. రత్నవర్తకులు వాడే చిన్న భూతద్దంతో చూస్తే శుక్తి కప్పిన పొరపై వేలిముద్ర రేఖల వంటి సన్నని అంచులు కనిపిస్తాయి. పూతపై అవి లేక, గుడ్డుపెంకు వంటి నలుసులు కనిపిస్తాయి. అన్నింటికన్న ఎక్కువ చెప్పేది రంధ్రం. అనుకరణ ముత్యంలో తొలిచిన అంచు వద్ద పూత చిట్లి, రేకులుగా లేచి, లోపలి గాజు మెరుస్తుంది. పూస గల కల్చర్డ్ ముత్యంలో పూసకూ పొరకూ మధ్య సన్నని నల్లగీత కనిపించవచ్చు, పొర మాత్రం లేచిపోదు. హారంలోని ముత్యాలన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటే అనుమానించాలి. ప్రాణి చేసిన వస్తువులో ఏదో ఒక వైషమ్యం ఉండితీరుతుంది. నిప్పుతో కాల్చి చూపడం అంగళ్లలో ఒక ప్రదర్శనగా సాగుతుంది. అసలు ముత్యం కూడా దానివల్ల చెడుతుంది, కనుక ఆ పరీక్షకు ఎవరూ అంగీకరించరాదు.

ఈ చరిత్రలో మూల్యం చెల్లించినవారు పారసీక సింధుశాఖ తీరవాసులు. బహ్రెయిన్, కువైట్ మొదలైన చోట్ల వేసవిలో నెలల తరబడి పడవలపైనే ఉండి, ముక్కుకు క్లిప్పు, పాదానికి రాయి కట్టుకొని, ఊపిరి బిగబట్టి మునిగే జాలరులు అప్పులలోనే పుట్టి అప్పులలోనే గతించేవారు. రుణం తండ్రి నుండి కుమారునికి సంక్రమించేది. వారు తెచ్చిన ముత్యాలు ఎక్కువగా బొంబాయి చేరి, అక్కడ తొలవబడి, గ్రేడులుగా విభజింపబడి, లోకమంతటికీ వెళ్లేవి. జపాను ముత్యం వచ్చిన వెనువెంటనే 1929 నాటి ఆర్థికమాంద్యం కూడా వచ్చి ఆ వృత్తిని కూల్చివేసింది. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడటంతో ఆ తీరాల జీవనం వేరే దారి పట్టింది. ఒక్క శుక్తిద్రవ్యపు అభేదం వేలాది కుటుంబాల వృత్తిని అంతం చేసింది. ఆ వృత్తి నిర్దయమైనదని, అది పోవడం మేలని అనేవారూ ఉన్నారు. కాని వృత్తి పోయిన సంవత్సరాలలో ఆ కుటుంబాలకు ఆ మాట ఓదార్పు కాలేదు. కల్చర్డ్ ముత్యాల వ్యాపారంపై బహ్రెయిన్ విధించిన నిషేధం ఆ గాయపు గుర్తు. 2017లో అక్కడ ముత్యాల, రత్నాల పరీక్షకై ఒక సంస్థను నెలకొల్పారు.

బస్రా ముత్యాలని హైదరాబాదులో పిలువబడినవి ఆ తీరపు ముత్యాలే. నిజాముల ఆభరణాలను భారతప్రభుత్వం 1995లో కొన్నది. వానిలోని ఏడుసరాల సత్‌లడా హారం ఆ ముత్యాలతో కూర్చినదే. నేడు చార్మినార్ పరిసరాల అంగళ్లలో కనిపించే ముత్యాలలో అధికభాగం చీనాదేశపు మంచినీటి చెరువులలో పెరిగిన కల్చర్డ్ ముత్యాలు. వానిలో చాలావాటికి పూస కూడా ఉండదు. ప్రావారపు ముక్క మాత్రమే బీజం. అందుచేత అవి పైనుండి కేంద్రం దాకా దాదాపు ముత్యపు పొరయే. ఎండోస్కోపుకు వీటిలో చూడదగినది లేదు. బీజస్థానంలోని సూక్ష్మమైన రిక్తాన్ని ఎక్స్-కిరణాలతో వెదకవలసి వస్తుంది. దక్షిణాదిలో తూత్తుకుడి ముత్యపుతీరం 1961 తరువాత వేటకు నోచుకోలేదు. అక్కడే కేంద్రప్రభుత్వ సముద్రమత్స్య పరిశోధనాసంస్థలో డాక్టర్ అళగర్‌స్వామి 1973లో భారతీయశుక్తిలో కల్చర్డ్ ముత్యాన్ని సాధించారు. కౌటిల్యుడు పేర్కొన్న పాండ్యకవాటకం ఈ తీరానికి దూరం కాదు.

జ్యోతిషసంప్రదాయాన్ని అనుసరించి చంద్రప్రీతికి ముత్యం ధరించేవారు సహజమౌక్తికమే కావాలని కోరుకుంటే, అది వారి ఆచారానికి సంబంధించిన విషయం. వారికి అంగడివాడు కల్చర్డ్ ముత్యాన్ని ఆ విశేషణం లేకుండా ఇవ్వడం అధర్మం. రసీదులో ‘కల్చర్డ్’ అన్న మాట, మంచినీటిదో సముద్రానిదో తెలిపే మాట రాయించుకోవడం కొనేవారి హక్కు. పెద్ద మొత్తంతో కొనేవారు ప్రయోగశాల ధ్రువపత్రం కోరాలి.

భద్రాచలంలో శ్రీరామనవమి నాడు జరిగే కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారాన్ని సంప్రదాయం అబుల్ హసన్ తానీషా కాలానికి ముడిపెడుతుంది. ఆయన గోల్కొండను 1672 నుండి 1687 వరకు పాలించాడు. నేటికీ ప్రభుత్వపక్షాన పట్టువస్త్రాలతో పాటు ముత్యాలు వస్తాయి. గోటితో ఒలిచిన బియ్యాన్ని భక్తులు కాలినడకన తెస్తారు. పసుపు, గులాలు కలిసిన ఆ తలంబ్రాలలో ముత్యాలు బియ్యంతో రాసుకుంటూ సీతారాముల శిరస్సుల మీదుగా జాలువారుతాయి. ప్రసాదంగా చేతికి వచ్చిన చిన్న పొట్లంలో ఒక్కొక్కప్పుడు ఒక ముత్యం దొరుకుతుంది. అది ఏ చిప్పలో పెరిగిందని భక్తుడు అడగడు. కొని సమర్పించేవారు, అమ్మేవారు మాత్రం అడగవలసిందే.